బీమ్ మీద వేములపల్లి పిల్ల

మిర్యాలగూడలో మాతోపాటు జిమ్నాస్టిక్స్ నేర్చుకున్న వేములపల్లి పిల్లకు ఒక అలవాటు ఉండేది. కింద పడ్డా సరే, వెంటనే లేచి రెండు చేతులూ పైకెత్తి, అంతా బాగా చేసినట్టు నవ్వేది.

"పడ్డంక గా చేతులెందుకు లేపుతవ్?" అని సార్ విసుక్కునేవారు.

"పడ్డది నేను సార్. సూసెటోళ్లు ఎందుకు పరేషాన్ గావాలె?" అనేది.

సూర్యాపేట పోటీల్లో బ్యాలెన్స్ బీమ్ అనే సన్నటి దూలం మీద ఒంటికాలిపై తిరగబోయి పడిపోయింది. ఎప్పటిలాగే చేతులెత్తి నవ్వింది. హాలంతా గొల్లున నవ్వింది. మళ్లీ ఎక్కి, మళ్లీ అక్కడే పడింది. ఈసారి చేతులు లేవలేదు. చివరి స్థానం వచ్చింది.

బహుమతులిచ్చాక అందరం బస్సుకు బయల్దేరుతుంటే ఆమె కనిపించలేదు. వెతుక్కుంటూ హాల్లోకి వెళ్లాను. పనివాళ్లు బీమ్ కింద పరిచిన పరుపులు చుట్టేస్తున్నారు.

"అన్నా, గా బీమ్ జర ఆగి తియ్యుండ్రి," అని వాళ్లను బతిమాలుతోంది.

"పోటీ ఖతమైంది కదమ్మా!" అన్నాడొకతను.

"మీకైంది. నాకింకా కాలే."

అతను నవ్వి, చుట్టిన పరుపును మళ్లీ పరిచాడు. ఆమె బీమ్ ఎక్కింది. ఊపిరి బిగబట్టి ఒంటికాలిపై గిర్రున తిరిగింది. పాదం వణికింది గానీ జారలేదు.

కిందికి దూకి, "ఇగ తీస్కపోండ్రి అన్నా," అంది.