పట్టని గౌను

మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, భుజం ఇంత, నడుం ఇంత అని చెప్పేసేది టైలరమ్మ. తర్వాత టేపు పెట్టి చూస్తే వేలెడు తేడా కూడా ఉండేది కాదు. ఆరేళ్ల కూతురు బుడంకాయకు రక్తంలో కాన్సరని తెలిశాక, పిల్లను చంకనేసుకుని ఈ ధర్మాసుపత్రికి వచ్చింది. వైద్యం ఉచితం, ఉండటానికి పై అంతస్తులో గదీ ఉచితమే. ఊరికే కూర్చోమంటే ఆ చేతులు ఊరుకుంటాయా! వారం తిరక్కుండానే స్టోరుగదిలోని పాత మిషనుకు నూనె పోసి, వార్డులో పిల్లలకు చొక్కాలు కుట్టడం మొదలుపెట్టింది. గుండీలు భుజం దగ్గర పెట్టేది. చొక్కా విప్పే పని లేకుండా మందు గొట్టం తగిలించవచ్చు.

అందరి పిల్లలనూ కొలిచేది కానీ, సొంత పిల్ల ఒంటి మీద టేపు పెట్టేది కాదు. మొదట్లో కొలిచినప్పుడల్లా అంగుళం తగ్గేది. ఆ అంకెలు చూడలేక మానేసి, ఆసుపత్రి వాళ్లిచ్చే వదులు చొక్కాలే తొడిగేది. అప్పటి నుంచి ఆమె కంటికి పిల్ల పుల్లలాగే కనిపించేది.

రెండేళ్లు గడిచాయి. ఆఖరి పరీక్షల ఫలితం వచ్చే రోజు. బాగుంటే ఇంటికి, లేకపోతే మళ్లీ మొదటికి. దేవుడి మీద భారం వేసి, పాత కొలతలతోనే పసుపు గౌను కుట్టింది.

పొద్దున్నే తొడగబోతే గౌను చంకల దగ్గరే ఆగిపోయింది.

"చేతులు పైకెత్తవే!"

"ఎత్తాను కదమ్మా! గౌనే దిగట్లేదు."

"ఊపిరి బిగపట్టు."

"ఎంతసేపు? ఇంటికెళ్లేదాకానా?"

మందులిచ్చే నర్సు గుమ్మంలో ఆగి పడీపడీ నవ్వింది. "ఊరందరి కొలతా కంటితో చెప్తావు, కన్నకూతురి కొలత తెలీదా టైలరమ్మా?"

టైలరమ్మ గౌను వదిలేసింది. పిల్ల నడుం చుట్టూ రెండు చేతులూ వేసి చూసింది. చేతుల నిండా పిల్ల! రోజూ పక్కలోనే పడుకున్నా ఆ సంగతి కళ్లకు ఆనలేదు.

"అమ్మో, గుమ్మడికాయవయ్యావే!" అని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

వెన్ను కుట్టు విప్పి, పిన్నీసులు గుచ్చి, అలాగే డాక్టరమ్మ గదికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తున్నంతసేపూ పిల్ల చెయ్యి వదల్లేదు.

"ఎక్కడా ఏమీ లేదు. ఇంటికెళ్లండి. నెలకోసారి వచ్చి చూపించుకుంటే చాలు."

"ఇంకొక్కసారి చెప్పండి డాక్టరమ్మా!"

"పదిసార్లు చెప్తాను, ముందు కూర్చో."

బయటికి రాగానే, ఇంటి దగ్గర లారీ టైర్లకు పంక్చర్లు వేసే మొగుడికి ఫోను చేసింది. "గౌను పట్టలేదయ్యా!" అంది.

"గౌను గోల ఎందుకే ఇప్పుడు? డాక్టరమ్మ ఏమంది?" అవతల నుంచి అరుపు.

బుడంకాయ ఫోను లాక్కుంది. "నాన్నా, మేం వచ్చేస్తున్నాం. నా మంచం మీద నీ టైర్లేమైనా పెట్టావేమో, ఇప్పుడే తీసేయ్!"