పదకొండో రీలు

ఆ కాలంలో సినిమాల మీద అభిప్రాయాలు రాసేవాళ్లు ఉండేవాళ్లు కాదు. దుడ్లు పెట్టి చూసి, దారి పొడుగునా పోట్లాడుకునేవాళ్లు ఉండేవాళ్లు. మొన్న ఫోన్లో మా రోజుల నాటి సస్పెన్సు సినిమా ఒకటి కనబడితే, దాని కింద కుర్రవాళ్లు రాసినవన్నీ చదివాను. ‘మొదటి అరగంటలోనే హంతకుడెవరో తెలిసిపోయింది’ అని ఒకడు, ‘ఊరికే సాగదీశారు’ అని ఇంకొకడు. నాకు ఒళ్లు మండింది. అరగంటలో తెలిసిపోవడమేమిటి? నాలుగు రోజులు ఆడినా ఆళ్లగడ్డలో ఒక్కరికీ తెలియలేదే! (అది నా వల్లేననుకోండి. ఆ సంగతే చెప్పబోతున్నాను.)

నేను అయిదో తరగతితో బడి మానేసి, గోడల మీది సినిమా పోస్టర్లు చదివి అక్షరాలు గట్టిపరచుకున్నవాణ్ని. ఇరవై మూడేళ్లకే ఆళ్లగడ్డ డేరా టాకీసులో ఆపరేటరునయ్యాను. నంద్యాలలో ఆడి అలిసిపోయిన సినిమాలు రేకు పెట్టెల్లో, బస్సు టాపు మీద మాకు వచ్చేవి. మొదటి ఆటకు వచ్చేదంతా పల్లె జనం. చివరి బస్సు హారను వినబడిందంటే తెర మీద దేవుడు ప్రత్యక్షమైనా లేచిపోయేవాళ్లు. అందుకని సినిమా పొడుగైతే ఒక రీలు పక్కన పెట్టేయడం మా ఆనవాయితీ. ఏ రీలన్నది ఓనరు నాకే వదిలేసేవాడు. పాట తీస్తే జనం బెంచీలు విరుస్తారు, ఫైటింగు తీస్తే నన్ను విరుస్తారు. కాబట్టి రీళ్లు వెలుతురుకు పట్టి చూసి, పదకొండో దాంట్లో అందరూ ఊరికే కూర్చుని మాట్లాడుకుంటున్నారని కనిపెట్టి, దాన్ని పెట్టెలోనే ఉంచేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను. సస్పెన్సు సినిమాలో గుట్టంతా అలా కూర్చుని మాట్లాడుకునేటప్పుడే బయటపడుతుందన్న జ్ఞానం నాకప్పటికి లేదు.

కథలో జమీందారును ఎవరో చంపేస్తారు. చేతికి కట్టుతో తిరిగే డాక్టరు మీద అందరికీ అనుమానం. ఆ కట్టు ఎందుకో పదకొండో రీల్లో తెలిసి, నేరం జమీందారు తమ్ముడి మీదికి పోతుంది. మా ఊళ్లో ఆ రీలే లేదు గనుక, చివర్లో పోలీసులు తమ్ముడికి సంకెళ్లు వేయగానే డేరాలో గగ్గోలు. “డాక్టరును ఇడిచిపెట్టి అమాయకుణ్ని పట్టుకపోతాండారు!” అని అందరికంటే గట్టిగా అరిచింది మా నాయనే.

ఆ వారమే నంద్యాలకు పిల్లను చూడటానికి పోయాం. పేరుకే చూడటం. మహానందిలో ఒక పెండ్లిలో ఆమెను చూసినప్పుడే, ఈమె కాకపోతే ఇంకెవరూ వద్దని నేను తీర్మానించుకుని ఉన్నాను. పిల్ల తండ్రి మా నాయనకు వరసకు బావ. నేను ఆపరేటరునని మాట ఆ సినిమా మీదికి తిప్పాడు.

“ఆ తమ్ముడు ఎంత పని చేసినాడు బావా!”

“తమ్ముడేంది? చంపింది డాక్టరు కదా,” అన్నాడు నాయన.

“కండ్లు యాడ పెట్టుకోని చూసినావ్?”

“నాలుగు మార్లు చూసినా. మిషను తిప్పేది నా కొడుకే. మీ నంద్యాలోళ్లు పోలీసులు ఏం చెప్పినా తల ఊపుతారు.”

“సినిమానే అర్థం కానోళ్లింటికి పిల్లనెట్లిచ్చేది?”

“మాకొద్దులేప్పా! లేరా, పోదాం.”

నాయన తువ్వాలు దులిపాడు. నిజం నా గొంతులోనే ఉంది. చెబితే నలుగురిలో ఆయన పరువు పోతుంది, చెప్పకపోతే నా పెండ్లి పోతుంది. అంతలో కాఫీ గ్లాసులతో వాకిట్లో నిలబడిన పిల్ల నోరు తెరిచింది. “మామా, డాక్టరు చేతికి కట్టు ఎందుకో మీ ఊర్లో చూపించినారా?”

“చూపించేదేంది? చంపేటప్పుడు తగిలిన దెబ్బ!”

ఆమె నేరుగా నా వైపు చూసింది. “ఒక రీలు తక్కువైంది నాయనా,” అంది వాళ్ల నాయనతో.

“బస్సు టైమని...” అని నసిగాను. పిల్ల తండ్రి పగలబడి నవ్వాడు. “పెండ్లి మంత్రాలు గూడా బస్సు టైమని కోస్తావా ఏంది? పో, ఆ రీలు మీ నాయనకు చూపించు. ఆయన ఒప్పుకుంటేనే ముహూర్తం.”

మర్నాడు పగలే డేరాకు పరదాలు దించి, ఒకే ఒక్క రీలు ఆడించాను. పిల్ల తండ్రి కూడా మా వెంటే వచ్చేశాడు. ముందు బెంచీలో ఇద్దరు బావలు. రీలయ్యాక నాయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: “ఇది నంద్యాలోళ్లు కొత్తగా తీయించి అతికించినారు.” ఇక ముహూర్తం లేనట్టే అనుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి, మిషను పక్కనున్న నా ముఖం చూశాడు. “పిల్ల మాత్రం తెలివైంది బావా. ముహూర్తం పెట్టించు. డాక్టరు సంగతి పెండ్లయినంక తేల్చుకుందాం.”

తేల్చుకోకుండానే ఇద్దరూ పోయారు. మొన్న మా ఆవిడా నేనూ కలిసి ఫోన్లో ఆ సినిమా చూశాం. డాక్టరు కుర్చీ లాక్కుని మాట్లాడబోతుండగా ఆమె వేలితో సినిమాను ముందుకు జరిపేసింది. “ఏందే అది?” అన్నాను. “బస్సు పోతాది,” అంది.

వెనక్కి జరపమనలేదు. ఆ రీలు నేనూ సరిగా చూసింది లేదు. డేరాలో ఆడించిన రోజు మా నాయన తలగుడ్డనే చూస్తూ నిలబడ్డాను. చూడకపోవడమే మంచిదయింది. నాకు ఇప్పటికీ డాక్టరు మీద కాస్త అనుమానం ఉంది. నాయన పోయాక ఆయన పక్షాన ఒక్కడైనా ఉండాలి కదా.