అలెగ్జాండ్రా ఈజిప్టులో లేదు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క అక్షరమేనని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. అక్షరం తప్పింది ఒక్కసారి, నోరు మూసుకుని కూర్చున్నది రెండు రోజులు. అప్పట్లో, అంటే 2008 ఎండాకాలంలో, ఉద్యోగ పరీక్ష రెండుసార్లు తప్పి, బేతంచెర్లలో మా నాయన అంగడి ముందు పేపరు చదువుతూ కూర్చునేవాణ్ని. ఏ దేశం ఎక్కడుందో అడగకముందే చెప్తానని ఊరు నాకు 'అట్లాసు' అని పేరు పెట్టింది. (ఎగతాళికే పెట్టిందని నాకొక్కడికే తెలియదు.) పక్కింటి అక్క మొగుడు, నేను బావా అని పిలిచే మనిషి, బండలు పాలీషు పట్టే పనికి దక్షిణాఫ్రికా పోయినప్పుడు, ఆయన ఉండే గౌటెంగ్ రాష్ట్రాన్ని అక్కకు అరటిపండు ఒలిచినట్టు చెప్పింది నేనే. "జొహన్నెస్‌బర్గ్ అంటే మన కర్నూలు అనుకో, ప్రిటోరియా నంద్యాల, సొవెటో డోను." సొవెటోలో మన డోన్లు ఎన్ని పడతాయో నాకేం తెలుసు!

ఒక గురువారం పొద్దున అక్క పరిగెత్తుకొచ్చింది.

"అబ్బీ, అలెగ్జాండ్రా యాడుండాది? ఆడ బయటి దేశమోళ్ల కొంపలు తగలబెడ్తాండారంట, టీవీలో చెప్తాండారు. మీ బావ రూము మారినాడు గదా, ఆ ఊరి పేరు ఆడమనిషి పేరు మాదిరి ఉండాదన్న్యాడు."

అంగడి ముందు నలుగురున్నారు. తెలియదనడానికి నోరు రాలేదు. "అది ఈజిప్టులో ఉండాదక్కా, సముద్రం ఒడ్డున. బావకూ దానికీ నడుమ ఖండమంతా అడ్డం."

"అట్లాసప్ప చెప్పినాడంటే అంతే లేమ్మా," అన్నాడు బీడీ కాలుస్తున్న ముసలాయన. అక్క కొంగుతో మొహం తుడుచుకుని, నవ్వి మరీ పోయింది.

మరునాడు పేపర్లో ఉంది: జొహన్నెస్‌బర్గ్‌ను ఆనుకుని ఉన్న ఊరే అలెగ్జాండ్రా. ఈజిప్టుది అలెగ్జాండ్రియా. ఆ పేపరు మడిచి బియ్యం మూట కింద దోపాను. (పేపరు దాస్తే ఊరు జరుగుతుందా?) శుక్రవారం గడిచింది, శనివారమూ గడిచింది. ప్రతి ఆదివారం మా అంగడికి వచ్చే బావ ఫోను ఆ వారం రాలేదు. అక్క మెట్ల మీద కూలబడింది. అప్పుడు చెప్పాను.

ఆమె తిట్టలేదు. "ఇన్ని దినాలు నన్ను నిమ్మళంగా నిద్రపోనిస్తివి గదబ్బీ," అనింది.

దొరికిన మొదటి బస్సుకే ఆమెను వెంటబెట్టుకుని, బావను పంపిన ఏజెంటు దగ్గరికి కర్నూలు పోయాను. ఆయన ఫోను మీద ఫోను చేస్తే మరునాటికి ఆచూకీ దొరికింది. బావ పోలీస్ స్టేషను ఆవరణలో, తలదాచుకోను వచ్చిన వందలమంది నడుమ ఉన్నాడు. శనివారం రూము తగలబడినప్పుడు కుడిచెయ్యి కాలిందట.

"రెండు దినాలు ముందొచ్చింటే ఆణ్నుంచి తీపిచ్చేటోణ్ని గదప్పా," అన్నాడు ఏజెంటు. అక్క నావైపు చూడలేదు.

బావ తిరిగొచ్చాడు గాని, ఆ చెయ్యి పాలీషు మిషనును పట్టలేకపోయింది. పరీక్ష పుస్తకాలు కట్టగట్టి, మా ఊరి పాలీషు ఫ్యాక్టరీలో ఆయన చెయ్యాల్సిన పనికి నేను పోయాను. ఏడు నెలలు చేశాను, ఆ కూలి వాళ్లింటికే. బావ పక్కన కూర్చుని, "నొక్కి పట్టప్పా, అది నిన్ను ఈడ్చకపోతాండాది!" అని అరిచేవాడు. ఒకరోజు అది నిజంగానే ఈడ్చుకుపోయి నన్ను తెల్లటి బండ బురదలో పడేసింది. లేచి నిలబడితే కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదట. ఊరికొచ్చాక బావ నవ్వడం అదే మొదలు. ఆ బురద మొహం కుర్రవాడు గుర్తొస్తే ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. బావ ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం కంటపడేంతవరకూ.