రంగం వెళ్ళిన ఓడ

మా ముత్తాత, అంటే మా అమ్మమ్మ తండ్రి, యుద్ధం రోజుల్లో తెరచాప ఓడ మీద కళాసీగా పనిచేశాడు. తాళ్ళరేవు వైపు నుంచి పొగాకు వేసుకుని రంగూన్ వెళ్ళి, అక్కడి నుంచి బియ్యం, టేకు తెచ్చే ఓడ అది. రంగూన్‌ని మా ఇంట్లో ఇప్పటికీ రంగం అనే అంటారు. జపాను వాళ్ళు బాంబులు వేస్తుంటే ఓడ నడిసముద్రంలో మునిగిపోయిందనీ, దానితోపాటు ఆయనా పోయాడనీ, అప్పటికి అమ్మమ్మ చంటిపిల్ల అనీ చిన్నప్పటి నుంచీ వింటున్నాను. తాతమ్మ ఆ బిడ్డని చంకనేసుకుని రావులపాలెం వచ్చి, సంతలో ఎండుచేపలు అమ్మి పెంచింది. ఆవిడ నుదుట బొట్టు ఎవరూ చూడలేదు.

పోయిన ఏడాది అమ్మమ్మ జ్వరపడి లేచింది. లేచిన మర్నాడే నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని అడిగింది.

"మా నాన్న ఎక్కిన ఓడ ఎక్కడ మునిగిందో కనుక్కోవే. ఆ వైపు తిరిగి ఒడ్డున నిలబడి ఆయన పేరున నీళ్ళు వదులుతాను. నేను పోయాక ఆయన్ని తలుచుకునేవాళ్ళు ఎవరున్నారు?"

ఇంతమందిలో నన్నే ఎందుకు అడిగిందో నాకు తెలుసు. కుదురు లేని మనిషినని నాకు ఇంటా బయటా పేరు. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే కట్టేసి వీధి చివరిదాకా వెళ్ళొచ్చే రకాన్ని. మా ఆయన కాలుగాలిన పిల్లి అంటాడు. ముద్దుకే అంటున్నాడనుకుని ఇన్నేళ్ళూ కాపురం చేశాను.

తిరగడం మొదలుపెట్టాను. యుద్ధంలో పోయిన కళాసీల పేర్లు ఫోన్లో వెతికాను. ఆవిరి ఓడల వాళ్ళవి దొరికాయి, వాళ్ళకి స్మారక చిహ్నాలు కూడా ఉన్నాయి. గాలి మీద ఆధారపడి నడిచిన మా ఓడల వాళ్ళవి ఒక్కటీ కనబడలేదు. కాకినాడలో ఒక ఆఫీసుకి వెళితే అక్కడి ఉద్యోగి మర్యాదగానే విని, "తెరచాప ఓడలాండీ? అవి యుద్ధంలో ఎందుకుంటాయండీ?" అన్నాడు. ఒళ్ళు మండింది. వాళ్ళు మోసిన బియ్యం కావలసింది గానీ, మోసినవాళ్ళ పేర్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి. రెండో ఆఫీసులో రేపు రమ్మన్నారు. వెళ్ళాను. మళ్ళీ రేపు రమ్మన్నారు.

ఇంటికి వస్తే గుమ్మంలో చెప్పులు విడవకముందే అమ్మమ్మ గొంతు వినబడేది. "ఏమన్నా తెలిసిందా?" లేదనేదాన్ని. ఆవిడ చెయ్యి పట్టుకుంటే ఎముకలే తగిలేవి. ఆవిడ ఉండగా తెలియకపోతే ఇక తెలిసి ఏం లాభమని నాకు భయం పట్టుకుంది. అన్నం తింటున్నా కాళ్ళు బయటికే లాగేవి.

చివరికి ఒకరి ద్వారా ఒకరిని పట్టుకుంటే, ఆ ఓడ ఎవరిదో తెలిసింది. ఓడ యజమాని మనవడు తాళ్ళరేవులోనే ఉన్నాడన్నారు. అమలాపురం మీదుగా బస్సులు మారి, యానాం వంతెన దాటి వెళ్ళాను. డెబ్భై దాటిన పెద్దాయన. కొబ్బరినీళ్ళు ఇప్పించి వసారాలో ఉయ్యాలబల్ల మీద కూర్చోమన్నాడు. కూర్చున్నానే గానీ కాలితో ఊపుతూనే ఉన్నాను.

"ఆ ఓడ ఎక్కడ మునిగిందో మీ పెద్దవాళ్ళు ఎప్పుడైనా అన్నారా బాబాయిగారూ?"

ఆయన నా వంక అదోలా చూశాడు. "మునగడమేంటమ్మా? మా తాతగారి ఓడ ఏనాడూ మునగలేదండి. మీరు కూర్చున్న బల్ల దాని చెక్కే."

నేను ఉయ్యాల ఆపేశాను.

యుద్ధం ముదిరాక ఓడ రంగం నుంచి తిరిగి వచ్చేసిందట. మళ్ళీ సముద్రం మీదికి పంపే ధైర్యం లేక, కొన్నాళ్ళు ఏటి ఒడ్డున ఉంచి విప్పించేశారట. ఉప్పునీళ్ళు తాగిన పాత టేకు చెదపట్టదని ఊళ్ళోవాళ్ళు తలుపులకీ దూలాలకీ పట్టుకెళ్ళారట.

"మరి మా ముత్తాత?"

"రంగంలో ఓ కళాసీ దిగి మళ్ళీ ఎక్కలేదని మా నాన్నగారు చెప్పేవారండి. పైన బాంబులు. ఓ రోజు చూసి తెరచాపలెత్తేశారట. పోయాడో, అక్కడే ఉండిపోయాడో. అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నవాళ్ళూ ఉండేవారు లెండి. తప్పుగా అనుకోకండి."

తప్పుగా అనుకోక ఏమనుకుంటాను? బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. నేనెన్నడూ చూడని ఆ మనిషి మీద పట్టరాని కోపం వచ్చింది. ఓడ వచ్చింది, మనిషి రాలేదు. ఊరంతటికీ తెలిసిన సంగతి తాతమ్మకి తెలియకపోవడమన్నది కల్ల. అందుకే ఎవరూ ఎరగని ఊరు వచ్చి, మెట్టెలు తనే తీసేసుకుని, ఆ ఓడని తనే ముంచేసింది. మొగుడు వదిలేసినదానికంటే మొగుడు పోయినదానికి సంతలో కాస్త మర్యాద దొరుకుతుంది మరి.

ఇది అమ్మమ్మకి చెప్పనని రావులపాలెం చేరేలోపు నిశ్చయించుకున్నాను.

వెళ్ళేసరికి ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. "తెలిసింది అమ్మమ్మా," అన్నాను. "కాకినాడకి ఎదురుగా, సముద్రంలోనే. ఇంటికి వచ్చేస్తూ మునిగింది."

ఆవిడ చెయ్యి ఆగలేదు. "ఇవాళ ఎక్కడికెళ్ళావు?"

"తాళ్ళరేవు."

"అయితే ఆ ఓడ చెక్కలు చూసే ఉంటావు."

నేను చిక్కుడుకాయల పళ్ళెం పక్కన చతికిలబడ్డాను.

"మా అమ్మ పోయేముందు చెప్పిందిలే. ఓడ వచ్చాక కూడా రోజూ నన్నెత్తుకుని రేవుకి వెళ్ళేదట. దాన్ని విప్పేశాక ఇక చూడ్డానికి ఏమీ లేదని ఊరొదిలేసింది."

నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. "తెలిసి తెలిసి నన్నెందుకు ఇన్నాళ్ళు తిప్పావు?"

అప్పుడు ఆగింది ఆవిడ చెయ్యి. "ఆ ఓడ తప్పిపోతే వెనకాల ఇంకో ఓడ ఏదన్నా ఎక్కాడేమోనే. అది మునిగి ఉంటుందేమో. మా కోసం బయల్దేరాడని ఎవరో ఒకరు చెబుతారేమోనని."

నేను లేచి బయటికి పోదామనుకున్నాను గానీ పోలేదు. అమ్మమ్మ పళ్ళెంలోకి చూస్తూనే అడిగింది.

"కాకినాడకి ఎదురుగా అన్నావు కదా. అది ఆ రెండో ఓడేనా?"

"అవును," అన్నాను. "ఇంటికే వస్తున్నాడు."