కచేరీ కంప్యూటర్‌కు మన భాష పెట్టిన ఎల్ఫేగా

మెక్సికోలోని మా వహాకా కొండల్లో, పంచాయతీ కచేరీ కంప్యూటర్ని మొదటిసారి మా జపోటెక్ భాషలోకి మార్చింది మా గుమాస్తా ఎల్ఫేగా. మాలాంటి ముసలివాళ్లను అడిగి అడిగి, మూడేళ్లపాటు ఒక్కో మాటా రాసుకుంది. ఆగస్టు పద్నాలుగున, ఎవరు తెరిచినా ముందు మన భాషే కనబడేట్టు సెట్టింగ్స్ మార్చేసింది. ఊరంతా తారాజువ్వలు కాల్చాం.

నా పేరు తిమోతెయో. నాలుగో తరగతి చదివాను. పదిహేనో ఏట ఊరి బంట్రోతుగా కర్ర పట్టాను. తర్వాత నీళ్ల పెద్దను, చర్చి పెద్దను, ఊరి పెద్దను. మొత్తం పద్దెనిమిదేళ్లు, జీతం లేకుండా. ఊట నుంచి గొట్టం వేయించింది నేనే. సేవ చేసినవాళ్లకే మా ఊళ్లో సభలో మాట, భూమిలో వాటా. ఎవరెన్నేళ్లు చేశారో ఆ చిట్టా ఆ కంప్యూటర్లోనే ఉండేది.

అక్టోబరులో మా అల్లుడి సేవ రాయించడానికి వెళ్లాను. ఎల్ఫేగా కంప్యూటర్లో పాత నకళ్లు తీసేస్తోంది. బయట ఎవరో పిలిస్తే లేచింది.

"తాతా, ఇది ఏదైనా అడిగితే ముట్టుకోకు. ఇప్పుడే వస్తా."

"నాకు చెప్తావుటే? నువ్వు పుట్టకముందే ఈ కచేరీ ఏలాను!"

అంతలో తెర మీద మన భాషలో ఏదో ప్రశ్న. స్పానిష్ అయితే చదివేవాణ్ణి. తల్లిపాలతో వచ్చిన భాషే గాని, దాన్ని చదవడం మాకు ఏ బడీ నేర్పలేదు. కోశాధికారి ఫిదెన్సియో పక్కనుంచి నవ్వాడు. "ఏం పెద్దాయనా, మన మాటే చదవలేవా?"

రోషమొచ్చి నొక్కాను. చిట్టా చెరిపేయనా అన్నదట ఆ ప్రశ్న. చెరిపేసింది.

గది ఎవరి చేతిలో ఉంటే తప్పు వారిదే, అది మా కట్టు. సభలో ఎల్ఫేగా నా పేరెత్తలేదు. "నాదే తప్పు" అంది.

"స్పానిషే పెట్టండయ్యా! నీ ముచ్చటకి మా సేవలన్నీ గంగలో కలిశాయి పిల్లా" అన్నాడు ఫిదెన్సియో, అంతా చూసినవాడే.

డిసెంబరు సభలోపు చిట్టా తిరిగొస్తే కంప్యూటర్లో మన భాష ఉంటుంది. రాకపోతే అదీ పోతుంది, ఎల్ఫేగా మూడేళ్ల సేవా కొట్టేస్తారు. సభ తీర్పు అది. నేను లేవలేదు. పద్దెనిమిదేళ్ల పెద్దరికం నోరు నొక్కేసింది. అందుకే ఇది రాశాను, డిసెంబరు పదిహేను సభలో నేనే నిలబడి చదువుతాను.

చిట్టా చెరిగిన డిస్కు గుడ్డలో చుట్టుకుని, మొక్కజొన్న రొట్టెలు మూటగట్టుకుని ఎల్ఫేగా మరమ్మతుకి నగరం వెళ్లింది. తిరిగొచ్చే బస్సు డిసెంబరు పద్నాలుగున.