కౌగిలికి దొరకని తుపాకీ

వెర్లీన్ స్టబుల్‌ఫీల్డ్ నాలుగు నెలలుగా ఎవరి తలా కడగలేదు. మంచం దిగలేని ముసలమ్మల ఇళ్ళకు తన కారులో వెళ్ళి, బేసిన్‌లో తల కడిగి, రోలర్లు చుట్టి, అద్దం చూపించి వచ్చే మనిషి. ఆర్కన్సా కొండల్లో, మా చర్చి సంఘం చుట్టుపక్కల అలాంటి ముసలమ్మలు ఐదుగురున్నారు. అరవై మూడేళ్ళ వెర్లీన్ తప్ప వాళ్ళ తలలు ముట్టుకునే నాథుడు లేడు.

అక్టోబరులో మట్టిరోడ్డు మీద ఆమె కారు టైరు పేలింది. సాయం చేస్తామని ఆగిన ఇద్దరు మగవాళ్ళు ఆమెను పక్క గుంటలోకి తోసి, చేతిసంచీ, దువ్వెనల పెట్టె, ఆఖరికి జుట్టు ఆరబెట్టే మెషీను కూడా పట్టుకుపోయారు. మోకాళ్ళ దెబ్బలు క్రిస్మసుకి మానాయి. భయం మానలేదు. సంఘంలో ఆడవాళ్ళం వంతులేసుకుని ఆమెకు తోడు వెళ్ళాం గాని, పనులు వదులుకుని ఎన్నాళ్ళు తిరగగలం? మూడో వారానికి వెర్లీనే వద్దంది.

ఫిబ్రవరిలో ఓ ఉదయం ఓపలీన్ ట్రాస్క్ ఫోన్ చేసింది. ఆ ఐదుగురిలో ఒకరు, ఆమెకు తొంభై ఒకటి.

"వెర్లీన్ తల్లీ, ఈ ఈస్టరుకో మరుసటి దానికో ప్రభువు నన్ను పిలుస్తాడు. ఈ జుట్టుతో వెళ్ళమంటావా ఆయన దగ్గరికి? పక్షులు గూడు కట్టాయనుకుంటాడే!"

ఫోన్ పెట్టేసి వెర్లీన్ నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. తర్వాత కోటు వేసుకుని, పక్కింటి జువానెల్‌ను వెంటబెట్టుకుని హార్లన్ పెటస్ కొట్టుకు వెళ్ళింది. జువానెల్ మా గుడిలో పియానో వాయిస్తుంది. హార్లన్ ఆదివారం గుమ్మం దగ్గర నిలబడి అందరినీ లోపలికి పిలుస్తాడు, మిగతా ఆరు రోజులూ మేకులు, గాలాలు, తుపాకులు అమ్ముతాడు.

హార్లన్ తడుముకోకుండా అద్దాల అరలోంచి వంగపువ్వు రంగు పిస్తోలు తీశాడు. అరచేతిలో ఇమిడిపోయింది.

"ఆడవాళ్ళకి దీన్ని మించింది లేదు, మిస్ వెర్లీన్. ఈకలా ఉంటుంది. మా ఆవిడకీ ఇదే కొనిచ్చా."

"ఆవిడ దాన్ని పేల్చిందా?" అంది జువానెల్.

"ఒక్కసారి."

"తర్వాత?"

హార్లన్ గొంతు సవరించుకున్నాడు. "డ్రాయర్లో ఉంది."

"పద వెర్లీన్. రుచి చూడకుండా పెళ్ళికి కేకు చెప్తామా? మంగళవారం మాతో రా," అంది జువానెల్.

మంగళవారాలు మధ్యాహ్నం ఊరి బయట గురి నేర్చుకునే మైదానం ఆడవాళ్ళది. ఒక్కొక్కరూ ఒక వంటకం, ఒక తుపాకీ తెస్తారు. వంటకాలు అందరూ తింటారు, తుపాకులు అందరూ పేల్చి చూస్తారు. ముందు జువానెల్ ప్రార్థన చేసింది.

"ప్రభువా, ఇవి మాకు ఎన్నడూ అవసరం పడకుండా చూడు. పడితే మా చేతులు వణక్కుండా చూడు. ఆ బీన్స్ చల్లారకుండా చూడు. ఆమెన్."

మొదట హార్లన్ చూపించినదాని లాంటిదే, ఎవరిదో బుల్లి పిస్తోలు ఇచ్చారు. వెర్లీన్ చెవులు కప్పుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, ట్రిగ్గర్ నొక్కింది. ఆమె టోపీ వెనక్కి పడింది, కళ్ళజోడు ముక్కు చివరికొచ్చింది, గురిపెట్టిన కాగితం మాత్రం క్షేమంగా ఉంది.

"అమ్మో! ఇది ఈకా? గాడిద తన్నినట్టుందే!"

"తేలిగ్గా ఉంది కనకే," అంది జువానెల్, చెయ్యి రుద్దుతూ. "బరువున్న తుపాకీ ఆ తన్ను కొంత తనే మింగుతుంది. తేలిక ముండ మొత్తం నీకే ఇస్తుంది."

"జువానెల్! ఇప్పుడే ప్రార్థన చేశావు!"

రెండోది కాస్త పెద్ద పిస్తోలు. తూటా లోపలికి ఎక్కాలంటే పైభాగాన్ని వెనక్కి లాగి వదలాలి. ముప్ఫై ఎనిమిదేళ్ళు రోలర్లు చుట్టిన వేళ్ళవి, కణుపులు వాచి ఉన్నాయి. బిగుసుకున్న ఊరగాయ సీసా మూతతో కుస్తీ పట్టినట్టు పట్టింది, నాలుక బయటపెట్టింది, పాప తల్లిని చూసినట్టు మమ్మల్ని చూసింది. అది కదల్లేదు.

అప్పుడు మా గుడి పాస్టరమ్మ తన చేతిసంచీలోంచి ఉక్కు రివాల్వరు తీసింది. పాతకాలం కాపలావాడి నడుముకి వేలాడాల్సినంత మొద్దుది.

"ఇది తుపాకీయా, పెనమా?" అంది వెర్లీన్, బరువు చూసి.

"పెనమే అనుకో అమ్మా. పెనం ఎత్తలేని ఆడదెవరు?"

లాగే పని లేదు, తూటాలు గుండ్రటి గదుల్లో కూర్చుని ఉన్నాయి. అయిదు సార్లు నొక్కింది. నాలుగు కాగితానికి తగిలాయి, వాటిలో ఒకటి సరిగ్గా మధ్యన. వెర్లీన్ కేక పెట్టి గెంతబోయింది.

"ముందు దాన్ని కింద పెట్టు! తర్వాత గెంతు!" అని పాస్టరమ్మ అరిచింది.

బుద్ధిగా కింద పెట్టింది. తర్వాత గెంతింది. మేమూ గెంతాం.

ఇక దాన్ని ఎక్కడ దాచాలనేది వచ్చింది. సంచీలో వద్దంది వెర్లీన్. "వాళ్ళు ముందు లాక్కున్నది సంచీనే. తుపాకీ నేనే చేతికిచ్చినట్టవుతుంది." చీలమండకి కట్టుకుందామంటే, తల కడగడానికి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చోవాలి, అప్పుడు బయటపడుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఓపలీన్. మా దగ్గర కౌగిలించుకోకుండా ఎవరూ ఎవరినీ పలకరించరు. ఓపలీన్ కౌగిలి మరీ పొడుగు, వీపంతా తడిమి గాని వదలదు. తన జుట్టు కోసం వెర్లీన్ తుపాకీ కట్టుకుని ఆ రోడ్డు మీద వస్తోందని తెలిస్తే, ఆ ముసలమ్మ గుండె ఊరుకోదు. ఇంకెప్పుడూ రావద్దని తలుపేసుకుంటుంది.

"అయితే కౌగిలించి చూద్దాం," అంది పాస్టరమ్మ.

రివాల్వరు ఖాళీ చేసి, ఇద్దరు చూసి, మూడోసారీ చూశారు. వెర్లీన్ దాన్ని నడుముకి కుడివైపు పెట్టుకుంది. ఆడవాళ్ళం వరసగా నిలబడ్డాం.

"దొరికింది!" అంది మొదటావిడ.

నడుము వెనక పెట్టుకుంది. "దొరికింది!"

చంక కింద పెట్టుకుంది. జువానెల్ పట్టుకుని పగలబడి నవ్వింది. "ఇక్కడేదో ఉంది సిస్టర్, అది నువ్వు మాత్రం కాదు!"

చివరికి పాస్టరమ్మ వెడల్పాటి సాగే పట్టీ తెచ్చింది. తుపాకీ ఒరతో సహా పొట్ట మీద, పక్కటెముకల కింద కూర్చుంది. పైన పనిలో వేసుకునే కుచ్చుల గౌను. మేం ముగ్గురం కౌగిలించుకున్నాం, తెలియలేదు. సరిగ్గా అప్పుడే హార్లన్ గురిపెట్టే కాగితాల కట్ట పట్టుకొచ్చాడు.

"బ్రదర్ హార్లన్, వచ్చి వెర్లీన్‌ను గట్టిగా కౌగిలించుకో!"

"ఎందుకు?"

"అడక్కు!"

పాపం, కళ్ళు మూసుకుని కౌగిలించుకున్నాడు. "ఏమైనా తెలిసిందా?" అంటే, చెవులదాకా ఎర్రబడి, "ఏదైనా తెలిస్తే మా ఆవిడతో నాకు ప్రమాదం," అన్నాడు. సీసాల్లో టీ ఒలికిపోయేలా నవ్వాం. అలాంటి మొద్దు రివాల్వరునే వెర్లీన్ అతని కొట్లో కొంది. తర్వాత ఆరు మంగళవారాలు వంగి, లేచి, తీసి, గురిపెట్టి, ఒక్క వారమూ మానలేదు.

ఈస్టరు ముందు గురువారం ఒంటరిగా బయల్దేరింది. టైరు పేలిన చోటు రాగానే స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టుకుందట. స్తుతిగీతం గట్టిగా ఎత్తుకుంది, రెండో చరణం మరిచిపోయి మొదటిదే మళ్ళీ పాడింది. వెనక నుంచి ఓ ట్రక్కు వచ్చింది. దాటిపోతూ, నడిపేవాడు స్టీరింగ్ మీంచి రెండు వేళ్ళు ఎత్తి పలకరించాడు, మా రోడ్ల మీద అందరూ ఎత్తినట్టే. వెర్లీన్ కూడా ఎత్తింది. అక్టోబరు తర్వాత ఒంటరిగా ఆమె ఓ తెలియని మనిషికి చెయ్యెత్తడం అదే మొదలు.

ఓపలీన్ మంచం మీంచే చేతులు చాచింది. కౌగిలించింది, వీపు తడిమింది, పొట్ట మీద తట్టింది. వెర్లీన్ ఊపిరి బిగబట్టింది.

"ఏమే, బాగా ఒళ్ళు చేశావు! నా జుట్టు మాని ఏం తిన్నావే ఇన్నాళ్ళూ?"

"బీన్స్, మేడం," అంది వెర్లీన్, నవ్వు ఆపుకోలేక.

తల కడిగింది. మూడుసార్లు నీళ్ళు మార్చాల్సి వచ్చింది. రోలర్లు చుట్టిన జుట్టు ఆరేలోపు వెర్లీన్ ఓపలీన్ ఫోన్ తీసుకుని మిగతా నలుగురికీ, రేపట్నుంచి వస్తున్నానని చెప్పింది. నాలుగో ఆవిడ వెంటనే అడిగింది.

"రేపు ఎన్నింటికి?"

"పదింటికమ్మా."

"సరే అయితే, ఇప్పుడే తల తడుపుకుని కూర్చుంటా."