మిగతా మాటలేవీ అని అడిగిన మేడం

మేడం పోయారని మొన్న పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. "అయ్యో" అన్నాను. నాలాంటి వాగుడుకాయ ఒక్క ముక్కతో సరిపెట్టడమా! వింటే ఆమే ముందు నవ్వేవారు.

చంద్రపూర్‌లో మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడే కౌన్సెలర్ ఆమె. మరాఠీ మనిషి. అక్కడి లాల్‌పేట్ బొగ్గుగనుల తెలుగువాళ్లు వస్తే మధ్యలో మాట చేరవేయడానికి నన్ను పెట్టుకున్నారు. కుర్చీలు ఎదురెదురుగా వేస్తే "ఇదేమన్నా పోలీస్ స్టేషనా?" అని పక్కపక్కన వేయించేవారు. ఎవరొచ్చినా తన చేత్తో నీళ్లిచ్చి, పెద్దాచిన్నా తేడా లేకుండా "తిన్నవా?" అని అడిగేవారు. అక్కడితో ఆమె తెలుగు అయిపోయేది.

ఒకసారి మా నాన్నతో బొగ్గుగనిలో పనిచేసిన కాక వచ్చాడు. కొడుకు ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీకి పోతూ బండి మీంచి పడి చనిపోయాడు. అప్పట్నుంచి కాక అన్నం ముట్టడం లేదు, మనిషి సగమయ్యాడు. భార్య బతిమాలి పంపింది.

మేడం దగ్గర ప్రశ్నల కాగితం ఒకటుండేది. బాధకు పదికి ఎన్ని మార్కులని మొదటి ప్రశ్న. "ఏందమ్మా గిది, పరీక్షనా?" అన్నాడు కాక. మేడం కాగితం మడిచి పక్కన పెట్టేశారు. "ఇది రాసినవాళ్లు ఈయన్ని చూడలేదు. ఇంట్లో కొడుకు గురించి మాట్లాడుకుంటారా, అడుగు."

"ఏడ మాట్లాడుతరు బిడ్డా? నా ముందట వాని పేరే ఎత్తరు. బండి కొనిచ్చింది నేనే. వాడు వద్దన్నా కొనిచ్చిన. నా కొడుకును నేనే సంపుకున్న."

చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. ఆ మాట నా నోటితో ఎలా అనను? "చాలా బాధపడుతున్నాడు" అని మరాఠీలో ముగించాను.

"అంతసేపు మాట్లాడాడు, నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. మిగతా మాటలేవీ?" అన్నారు మేడం. కోపంగా కాదు. "అవి ఆయనవి. మనం ఏరకూడదు."

సిగ్గుతో చచ్చిపోతూ అన్నీ చెప్పాను. గనిలో ఇన్నేళ్లు చేసిన కాకకు మరాఠీ అర్థమవుతుంది, మాట్లాడటమే సరిగా రాదు. తన మాట ఇంకొకరు పైకి అనగా విని భోరుమన్నాడు. "నీ తప్పు కాదు" అని మేడం అనలేదు. "ఎలాంటి పిల్లాడు?" అని అడిగారు, అంతే. కాక చెబుతూ పోయాడు. ఈసారి ఒక్క ముక్క వదలకుండా నేనూ చెబుతూ పోయాను. సాయం చేస్తున్నాననుకుని ఆయన నోరు నేనే మూయబోయానని ఆ రోజు తెలిసింది. ఆ తెలివి మేడం పెట్టిందే.

సాయంత్రమైంది. కాక లేచి గేటుదాకా వెళ్లాడు. మేడం సంచీ భుజాన వేసుకుని, తాళం చేతిలోకి తీసుకున్నారు. ఇంతలో కాక వెనక్కొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంకొక్కటి మర్సిన బిడ్డా. వానికి టమాటపప్పంటే పాణం. ఇయ్యాల ఇంట్ల గదే వండుమంట."

నేను మరాఠీలో చెప్పేలోపే మేడం సంచీ దించి, మళ్లీ కూర్చున్నారు.